తూకంలో తేలే దొంగ

పొద్దున ఏడవుతోంది. నవంబరు ఆఖరి వారం. పావగడ నుంచి నాగలమడికె పోయే దారిలో బస్సు మనల్ని దింపి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. ఎడమ పక్క చేనులో శెనక్కాయ పీకేశారు. ఎర్రమన్ను గుల్లగా ఉంది, అక్కడక్కడా కట్టె తునకలు. మధ్యలో కంది సాళ్ళు మాత్రం మిగిలాయి. మనిషెత్తు పెరిగి, పచ్చికాయ పట్టి, కొసల్లో ఇంకా పసుప్పచ్చ పూలతో ఉన్నాయి. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక. అయినా చుట్టూ దాదాపు ఆంధ్ర పొలిమేరే కాబట్టి గెనిమ మీద కూర్చున్న పెద్దాయన బీడీ ఆర్పి తెలుగులోనే పలకరించాడు.

"యాడోళ్ళప్పా? సర్వేకొచ్చినారా?"

"లేదు పెద్దాయనా, కందిలో పురుగు చూసేకి వచ్చినాం."

"చూసేకేముంది, కొట్టేకి దుడ్లుండాల గానీ."

ఆయన్ని పక్కన పెట్టుకునే చూద్దాం. తెల్ల తువ్వాలు ఒకటి కంది చెట్టు కింద పరచండి. కొమ్మను పట్టుకుని రెండు దెబ్బలు కొట్టండి, మెల్లగానే. ఇంకాస్త ఎండెక్కితే వీటికి చురుకు వచ్చి ఎగిరిపోతాయి, చలికి బిగుసుకుని ఉన్నప్పుడే దొరుకుతాయి. పూరేకులు, చీమలు, ఒక సాలీడు, ఒక పచ్చ గొంగళి పురుగు రాలాయి. వాటితో పాటు బూడిద గోధుమ రంగులో, ముళ్ళ భుజాలతో, సెంటీమీటరుకు కాస్త తక్కువ పొడవున్న నాలుగైదు పురుగులు. ఆకుపచ్చవి రెండు. సన్నగా పొడుగ్గా ఉన్నది ఒకటి పడీ పడగానే లేచిపోయింది.

పెద్దాయన వేలు గొంగళి పురుగు మీదికి పోయింది. "అదీ, ఆ నాకొడుకే తినేస్తాంది చేనంతా."

దాని సంగతి ఆయనకు తెలుసు. కాయకు గుండ్రంగా కన్నం వేస్తుంది, రెట్ట కనబడుతుంది, తల లోపల, ఒళ్ళు బయట పెట్టుకుని పట్టపగలే దొరికిపోతుంది. మనం వచ్చింది మిగతా వాటి కోసం. ముళ్ళ భుజాల దాన్ని బొటనవేలికి చూపుడువేలికి మధ్య పట్టుకుని వెల్లకిలా తిప్పండి. వేళ్ళకు గబ్బు అంటుతుంది, పట్టించుకోకండి. భూతద్దం పెట్టి తల కింద చూడండి. దవడలు లేవు. నుదుటి కింద మొదలై కాళ్ళ మధ్యగా పొట్ట వైపు వెనక్కి మడిచి పెట్టిన సన్నటి ముక్కు ఉంది, మూసిపెట్టిన చాకు మాదిరి. ఈ జాతి మొత్తానికి గుర్తింపు కార్డు ఇదే. ఆ ముక్కు నిజానికి ఒర. లోపల వెంట్రుక కన్నా సన్నని నాలుగు సూదులుంటాయి. బయటి రెండూ కోసుకుంటూ దారి చేస్తాయి. లోపలి రెండూ ఒకదానికొకటి అతుక్కుని రెండు గొట్టాలవుతాయి. ఒక గొట్టంలోంచి ఉమ్మి దిగుతుంది, ఆ ఉమ్మి గింజను లోపలే కరిగిస్తుంది. కరిగింది రెండో గొట్టంలోంచి పైకి వస్తుంది.

ఇప్పుడు బోర్లా తిప్పండి. పై రెక్క మొదట సగం తోలు, చివరి సగం పలచని పొర. ఈ సగం సగం రెక్కల వాళ్ళనే హెటిరోప్టెరా అంటారు, నిఖార్సయిన నల్లులు ఇవే. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి కూడా అదే ముక్కుతో పీల్చే దాయాదులే గానీ, వాటి రెక్క మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరు. అందుకే అవి వేరే శాఖలు.

ఒక కాయ తెంపి చూడండి. పైన ఏ కన్నమూ లేదు. భూతద్దంలో చూస్తే సూదిమొన మోపినంత మచ్చ ఉందో లేదో అన్నట్టుంది. ఒలిస్తే నాలుగు గింజల్లో ఒకటి బాగుంది, రెండింటికి సొట్టలు, ఒకటి ఎండి రేకయింది. పెద్దాయన దాన్ని అరచేతిలో దొర్లించాడు.

"వాన చాలక పొల్లు పోయినాయిలే."

సగం నిజమే. ఈ తాలూకాలో వాన చాలని ఏడు కొత్తేమీ కాదు. మిగతా సగమే చిక్కు. పీల్చిన గింజ, ఎండిన గింజ చూపుకు ఒకటే. కాయ చెట్టున నిండుగానే వేలాడుతుంది, కోసిన చేనూ కళకళలాడుతుంది, మండీలో కాటా ఎక్కినప్పుడు మూట తేలిపోతుంది. నమిలే పురుగుకు పడే తిట్లలో పదో వంతు కూడా పీల్చే పురుగుకు పడకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. ఇది సాక్ష్యం మిగల్చదు. పోయిన బరువు వానపద్దులోకి పోతుంది. ఆ సొట్టగింజ విత్తనానికీ పనికిరాదు, చాలామట్టుకు మొలవదు.

తువ్వాలు మీది ముగ్గురూ మూడు కుటుంబాల వాళ్ళు. ముళ్ళ భుజాల బూడిద పురుగు క్లావిగ్రాల్లా గిబ్బోసా, కొరీడే కుటుంబం. మీసానికి నాలుగు కణుపులు, వెనక తొడలు ఉబ్బుగా ఉంటాయి, రెక్క పొర మీద లెక్కలేనన్ని ఈనెలు. కంది రైతుకు ముందు తెలియాల్సింది ఇదే. ఎగిరిపోయిన సన్నపాటిది రిప్టార్టస్, అలైడిడే కుటుంబం. దాని పిల్లలు అచ్చం నల్లచీమల రూపంలో ఉంటాయి. చూసినవాళ్ళు చీమే కదా అని వదిలేస్తారు, పక్షులూ అంతే. ఆకుపచ్చది నెజారా విరిడులా, పెంటటోమిడే కుటుంబం. దాని మీసానికి ఐదు కణుపులు, వీపు మీద పెద్ద ముక్కోణపు పలక. ఈ రెండూ కనబడితే చాలామట్టుకు వెతుకులాట అక్కడితో సరి. వేళ్ళకంటిన గబ్బులో ఉన్నవి ఆల్డిహైడ్లు, కొత్తిమీర వాసనలో ఉండేవీ వాటి తోబుట్టువులే. పెద్ద పురుగులో ఈ గ్రంథులు రొమ్ము కింద, కాళ్ళ దగ్గర ఉంటాయి. పిల్లల్లో వీపు మీద.

ఎండ ఎక్కుతోంది. గెనిమ వెంబడి నడిస్తే రాళ్ళ పక్కన జిల్లేడు పొద, దాని కాయల మీద ఎర్రటి గుంపు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఎరుపు, నలుపు, సెంటీమీటరు దాటిన ఒళ్ళు కనబడగానే పత్తి ఎర్రనల్లి అనేస్తారు. ఒకదాన్ని పట్టి నెత్తి చూడండి. పెద్ద కళ్ళు రెండూ కాక, వాటి మధ్య రెండు గాజు చుక్కలున్నాయా? ఉన్నాయి. అయితే ఇది లైగేయిడే కుటుంబం, స్పైలోస్టెథస్ పాండురస్. జిల్లేడు విషం ఒంట్లో దాచుకుని, ఎర్రరంగుతో ఆ సంగతి చాటుకుంటుంది. జిల్లేడుతో ఊరుకోదు, నువ్వులు, పొద్దుతిరుగుడు గింజల మీదికీ పోతుంది. పత్తి ఎర్రనల్లి డిస్‌డెర్కస్ అయితే నెత్తిన ఆ చుక్క కళ్ళుండవు. అది పిర్రోకోరిడే కుటుంబం. పత్తికాయలోని గింజను పీలుస్తుంది, ఆ గాయం వెంట బూజు దూరుతుంది, దూది పసుపుమచ్చ పడుతుంది. దూదికి ధర కట్టేది తెలుపును చూసే కాబట్టి మచ్చ పడితే రేటు దిగుతుంది.

పైగా ఈ కుటుంబంలోనే ఒక ఇంటిదొంగ ఉంది. ఆంటిలోకస్ అని, అదీ ఎర్రదే, చుక్క కళ్ళు లేనిదే. పత్తి జోలికి పోదు, డిస్‌డెర్కస్‌నే పొడిచి తాగుతుంది. రెండూ ఒకే చెట్టు మీద తిరుగుతుంటే ఏది ఎవరో తేల్చుకోకుండా మందు కొట్టిన రైతు, తన పని ఊరికే చేసిపెట్టేవాణ్ణి కూడా చంపుకుంటాడు.

పిర్రోకోరిడే పేరు వచ్చింది కాబట్టి ఒక కాగితం కథ చెప్పుకోవాలి, కుటుంబం పేరు తెలియడంలో ఎంత డబ్బుందో దాంట్లో తెలుస్తుంది. 1965 ప్రాంతంలో ప్రాగ్ శాస్త్రవేత్త కారెల్ స్లామా ఈ కుటుంబపు యూరప్ పురుగు పిర్రోకోరిస్‌ను వెంటబెట్టుకుని హార్వర్డ్‌లో కారల్ విలియమ్స్ ప్రయోగశాలకు వెళ్ళాడు. ప్రాగ్‌లో నిక్షేపంగా పెరిగిన పురుగు అక్కడ పెరగనంది. ఐదో దశ తరవాత రెక్కలు రావాలి, రాలేదు. మళ్ళీ పిల్లదశలోకే కుబుసం విడిచి, పెద్ద పిల్లలుగానే చచ్చాయి. తిండి మార్చారు, నీళ్ళు మార్చారు, చివరికి తప్పు గాజుగిన్నెలో పరిచిన కాగితం తువ్వాలుది అని తేలింది. న్యూయార్క్ టైమ్స్ ముక్కలు వేసినా పిల్లలు ఎదగలేదు, వాల్‌స్ట్రీట్ జర్నల్ వేసినా అంతే. లండన్ టైమ్స్ వేస్తే మాత్రం చక్కగా రెక్కలొచ్చాయి. అమెరికా కాగితానికి వాడే బాల్సం ఫర్ చెట్టులో పురుగు బాల్య హార్మోనును పోలిన పదార్థం ఉందట. తరవాత దానికి జువబయోన్ అని పేరు పెట్టారు. అది పనిచేసింది ఈ ఒక్క కుటుంబం మీదే. వేరే పురుగులకు చీమ కుట్టినట్టయినా లేదు. ఒక కుటుంబాన్ని మాత్రమే తాకే మందు సాధ్యమేనన్న ఆశ అక్కడ మొలిచింది.

పెద్దాయనకు ఈ కథ బాగా నచ్చింది. "అంటే పేపరు సదివి సచ్చినాయన్నమాట."

పదిన్నరకి కల్లం చేరాం. పీకిన శెనక్కాయ చెట్లను అలాగే కుప్పవేసి ఉంచారు, కాయ విడిపించే మిషన్ కోసం. మిషన్ వాడు ఊరూరా తిరుగుతూ వస్తున్నాడు, ఈ ఊరి వంతు రావాలి. ఆ ఎదురుచూపు వారం కావచ్చు, మూడు వారాలూ కావచ్చు. కల్లం పక్కన పెద్దాయన కోడలు చేటలో రాలుకాయ చెరుగుతోంది.

కుప్ప అడుగున మోకాళ్ళ మీద కూర్చోండి. రెండు చేతులతో కట్టె పైకెత్తి, ఒక్కసారి నేల చూడండి. పరుగే పరుగు! ముదురు గోధుమ రంగులో, సన్నగా, దగ్గర దగ్గర సెంటీమీటరు పొడుగున్నవి ఎగరవు, పరుగెత్తుతాయి. కట్టె కిందికో మన్నుపగుళ్ళలోకో దూరేస్తాయి. వాటి మధ్య చిన్నవి, పొట్ట ఎర్రగా నిగనిగలాడేవి, వాటి పిల్లలు. ఒకదాన్ని గ్లాసు కింద మూసి చూడండి. ముందు తొడలు ఉబ్బి ఉన్నాయి, మీసానికి నాలుగు కణుపులు, నెత్తిన చుక్క కళ్ళున్నాయి, రెక్కపొర మీద ఈనెలు నాలుగైదే. పాత పుస్తకాల్లో దీన్ని లైగేయిడేలోనే కలిపారు, ఇప్పుడు విడదీసి రైపరోక్రోమిడే అంటున్నారు. పేరు ఎలాస్మొలోమస్ సార్డిడస్. మొత్తం పావగడలో రూపాయి లెక్కన నన్నడిగితే, మనం చూడాల్సిన అసలు పురుగు ఇదే.

ఎందుకంటే రైతు కాపలా వదిలేసిన రోజుల్లో ఇది పని మొదలుపెడుతుంది. చేను మీద ఉన్నంతకాలం ఆయన ఆకుమచ్చ చూశాడు, ఎర్ర గొంగళి పురుగు చూశాడు, అడవిపందుల్ని తరిమాడు. పీకి కుప్ప వేశాక పంట చేతికొచ్చిందనుకుంటాడు. తల్లిపురుగు మన్నులో, కట్టెలో ముందే గుడ్లు పెట్టి ఉంటుంది. కుప్పలో నీడ ఉంది, తిండి ఉంది, కదిలించేవాడు లేడు. ముక్కును పెంకులోంచి దించి గింజలోని నూనెపాలు తాగుతుంది. పెంకు పెంకులాగే ఉంటుంది.

కోడలు చేటలోంచి ఒక కాయ తీసి పటుక్కున నొక్కింది. గింజ ముడతలు పడి తొక్క వదులైంది. నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

"చేదు. పోయినేడు గానుక్కి పోసిన నూనె గూడా ఇట్లనే ఉండె. మిల్లాయప్ప కాయ పాతదనె. మాదేమో కొత్తకాయే."

ఆమె నాలుక చెప్పింది రసాయనశాస్త్రమే. పురుగు ఉమ్మి దిగిన గింజలో నూనె విరిగి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి, నూనె కారు వాసన కొడుతుంది, చేదెక్కుతుంది. అందువల్ల ఈ నష్టం రెండు చోట్ల పడుతుంది. వ్యాపారి గుప్పెడు కాయ ఒలిచి పప్పు ఎంత పడుతుందో చూసి రేటు కోస్తాడు. నూనె మిల్లువాడు నాణ్యత చూసి ఇంకో కోత వేస్తాడు. రెండుసార్లూ రైతుకు చెప్పే కారణం ఒకటే, "కాయ సరిగా లేదు" అని. ఈ పురుగుల్ని పోల్చుకోవాలంటే, 1993లో ఇక్రిశాట్ నుంచి వైట్‌మన్, జి.వి. రంగారావు కలిసి తెచ్చిన వేరుశెనగ పురుగుల గుర్తింపు చేతిపుస్తకం సంచిలో పెట్టుకుని తిరగదగ్గది. భారతదేశపు పొలాల కోసమే రాసింది.

గుర్తుపట్టడంలో తేడా వస్తే ఎంత పోతుందో ఈ పొలిమేర అవతలి వాళ్ళకు తెలుసు. 2000లో అనంతపురం జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్ల వేరుశెనగ కాండం కుళ్ళి ఎండిపోయింది, 300 కోట్ల రూపాయల పైన నష్టం. చూపుకు పాత మొవ్వుకుళ్ళు తెగులు మాదిరే ఉంది గానీ, ప్రయోగశాలలో తేలింది వేరే వైరస్, టొబాకో స్ట్రీక్. వయ్యారిభామ పుప్పొడిలో అది ఉంటే, తామర పురుగులు ఆ పుప్పొడిని ఆకుల మీదికి మోసుకొచ్చాయి. తామర పురుగు మన నల్లుల్లో చేరదు, దాని రెక్కకు ఈకల అంచు ఉంటుంది. అయినా అందరం రసం పీల్చే పురుగని ఒకే గాటన కట్టేస్తాం.

మళ్ళీ కుప్ప దగ్గరికి. దీనికి మందు కన్నా తొందర మేలు. కుప్పను చేనులో నానబెట్టకుండా కాయ విడిపించి, తేమ 8, 9 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, శుభ్రమైన సంచుల్లో ఇంటికి చేర్చాలి. మిషన్ దొరకనివాడికి ఈ సలహా ఎంత గొప్పగా వినబడుతుందో నాకు తెలియకపోలేదు. కనీసం కుప్పను తిరగేయొచ్చు. ఎండ తగిలితే, కోళ్ళు చేరితే సగం పని అయిపోతుంది. మనం కట్టె ఎత్తిన నాలుగు చోట్లా అప్పటికే కోళ్ళు చేరాయి.

మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లోనే. రాగి సంగటి, పితికిపప్పు చారు. అనప గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పితికి తొక్క తీసిన పప్పు. ఈ చలికాలం రెండు నెలలూ పావగడ నుంచి బెంగళూరు దాకా ఇదే తిండి. పెరట్లో కంచె మీదికి పాకిన అనపతీగ చూపిస్తూ కోడలు మూతి ముడిచింది. లేత కాండం చుట్టూ పేర్చినట్టు గుండ్రటి బఠానీగింజంత పురుగులు. మట్టి ఆకుపచ్చ రంగు. చెయ్యి పెట్టగానే బొటబొట రాలాయి, వాసన వంటింటిదాకా వచ్చింది.

వీటిని గుర్తుపట్టడానికి భూతద్దం అక్కరలేదు. వీపు మీది ముక్కోణపు పలక పెరిగి పెరిగి పొట్టనంతా కప్పేసింది, రెక్కలు దాని కింద దాగిపోయాయి. ప్లాటాస్పిడే కుటుంబం. మన పుస్తకాల్లో కాప్టొసోమా క్రిబ్రేరియా అని, కొత్తగా మెగాకాప్టా అని రాస్తారు. ఈ అనపపురుగు 2009లో అమెరికాలోని జార్జియాలో తేలింది. ముందు కుడ్జు తీగ మీద పడితే అక్కడివాళ్ళు మంచిదేలే అనుకున్నారు, అది వాళ్ళకు పట్టరాని కలుపు. తరవాత సోయాబీన్ మీదికి దిగింది. చలికి ఇళ్ళ గోడలకు గుంపులుగా పట్టుకుంది.

ఇంకా వింతైనది దాని తల్లి చేసే పని. గుడ్ల వరసకింద చిన్న గోధుమరంగు గుళికలు కొన్ని పెట్టి పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదట చేసే పని ఆ గుళికను పీల్చడం. దాంట్లో పేగులో బతికే బ్యాక్టీరియా ఉంటుంది, అది లేకపోతే పిల్ల బతకదు. జపాన్‌లో హొసోకావా, ఫుకత్సు బృందం రెండు జాతుల గుళికలు తారుమారు చేసి చూసింది. ఒకటి సోయా చేలను పాడుచేసే జాతి, రెండోది అక్కడ సోయా జోలికి రానిది. ఆ సాధుజాతి పిల్లలు చీడజాతి తల్లి గుళిక తాగి సోయా మీద హాయిగా పెరిగాయి, చీడజాతి గుడ్లు మాత్రం అంతగా పొదగలేదు. 2007లో అచ్చయిన ఆ ఫలితం చదివాక చీడపురుగు అన్న మాట పురుగుకు చెందుతుందా, దాని పొట్టలోని బ్యాక్టీరియాకా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మూడు గంటలకు గుట్టెక్కాం. పావగడ చుట్టూ అంతా ఇలాంటి గుండ్రాళ్ళే. ఒక పలకరాయి లేపండి, వేళ్ళు కిందికి పోనివ్వకుండా అంచు పట్టుకుని. తేలు లేదు. ఎరుపు నలుపు కలిసిన, పొడుగు మెడ ఉన్న పురుగు ఒకటి నెమ్మదిగా పక్కకు జరిగింది. దీన్ని వేళ్ళతో పట్టొద్దు, కుడితే తేలును మరిపిస్తుంది. సీసాలోకి తోలి పక్క నుంచి ముక్కు చూడండి. కంది పురుగుకు పొడుగ్గా, సన్నగా, ఒంటికి అంటుకుని ఉంది కదా. దీనిది పొట్టి, మందం, కొంకి తిరిగి మూడే కణుపులతో ఉంది, దాని కొన రొమ్ము కింది గాడిలో పడుతుంది. ఆ గాడికి సన్నటి గీతలుంటాయి, ముక్కును వాటి మీద రాస్తే కిర్రుమంటుంది. సీసా చెవి దగ్గర పెట్టుకోండి, వినబడుతోందా? రెడువిడే కుటుంబం, రైనోకోరిస్ మార్జినాటస్. పొద్దున పెద్దాయన తిట్టిన పచ్చ గొంగళి పురుగును, పొగాకు లద్దెపురుగును పట్టి తాగేస్తుంది. పాళయంకోట్టైలో డన్‌స్టన్ ఆంబ్రోస్ ఏళ్ళ తరబడి వీటిని పెంచి, చేలలోకి వదిలి చూశాడు. పక్క రాయి కింద ఇంకోటి ఉంది, మన్ను ఉండ అనుకుంటాం. అకాంథాస్పిస్ పిల్ల అది. ఒంటి నిండా దుమ్ము పూసుకుని, తాను తిన్న చీమల తొడుగులను వీపున మోస్తోంది.

ముక్కు మందం చూడటం ఒక్కటి అలవాటైతే గబ్బునల్లుల్లోనూ స్నేహితుడు దొరుకుతాడు. ఈయోకాంథెకోనా ఫర్సెల్లాటా అచ్చం నెజారా కుటుంబమే, ఐదు కణుపుల మీసం, ముక్కోణపు పలక, అన్నీ ఉన్నాయి. ముక్కు మాత్రం లావు. అది గొంగళి పురుగుల వేటగాడు. ఇలా పోల్చి చూసే చదువు ఇక్కడ కొత్తేమీ కాదు. మైసూరు సంస్థానం 1908లో కెనడాకు చెందిన లెస్లీ కోల్‌మన్‌ను పురుగుల శాస్త్రానికి పిలిపించుకున్న నాటి నుంచి ఈ ప్రాంతంలో పురుగుల చదువు ఆగలేదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సి.ఎ. విరక్తమఠ్ పచ్చదోమల కుటుంబం మీద ప్రపంచంలోనే పేరున్న నిపుణుడు. ఆ చదువుకూ మందు అంగట్లో సీసా అందించే కుర్రాడికీ మధ్య మాత్రం ఇంకా దారి పడలేదు. ఆకు మీద ఏది కదిలినా అతని దగ్గర జవాబు ఒకటే సీసా.

గుట్ట దిగే దారిలో కుంట ఉంది, మోకాలి లోతు నీళ్ళు మిగిలాయి. నీటి మీద పరుగెత్తేవి జెర్రిడే. నీళ్ళలో వెల్లకిలా ఈదేవి నోటోనెక్టిడే. చదునుగా, వీపు నిండా గుడ్లు మోసుకుని అంచున తేలుతున్నది డిప్లోనికస్, బెలోస్టొమాటిడే. మోసేది తండ్రి. ఆడది అతని వీపునే గుడ్లు అతికించి పోతుంది. ఇవి దోమపిల్లల్ని తింటాయి, చేపపిల్లల్నీ తింటాయి. అందుకే చేపపిల్లల చెరువుల్లో పిల్లలు వదిలే ముందు హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపి చల్లుతారు. గాలికోసం పైకొచ్చిన నీటినల్లి ఆ నూనెపొర కింద ఊపిరాడక చస్తుంది. ఒక్క ముక్కు ఒక చెరువులో కూలివాడు, పక్క చెరువులో దొంగ.

కుంట గట్టు మీద నిలబడితే ఉత్తరాన నేల నీలంగా మెరుస్తోంది. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచర్లు, వళ్ళూరు, రాయచర్లు ఊళ్ళ పొలాల్లో 13,000 ఎకరాల సౌరపలకలు, 2,050 మెగావాట్లు. 2018లో మొదలైంది. మొదట్లో ఎకరాకు ఏటికి 21,000 రూపాయల గుత్త, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు.

"మావోళ్ళు ఇచ్చేసినారు ఆ పక్క. పురుగు బాధ లేదు, కాటా బాధ లేదు" అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో అసూయ ఉందో వెటకారం ఉందో తేల్చుకోలేం.

నీటినల్లులకు మాత్రం అక్కడ ఇంకో లెక్క ఉంది. ఎగిరే నీటిపురుగు నీళ్ళను తళుకు చూసి కాదు, నీటి ఉపరితలం నుంచి అడ్డంగా ధ్రువణమై వచ్చే వెలుతురు చూసి పోల్చుకుంటుందని 1980లలో జర్మనీకి చెందిన రుడాల్ఫ్ ష్విండ్ నోటోనెక్టా మీదే చూపించాడు. సౌరపలక కూడా అదే వెలుతురు పంపుతుంది. 2010లో హంగరీకి చెందిన గాబర్ హోర్వాత్ బృందం మేఫ్లై వంటి నీటిపురుగులు పలకలను నీళ్ళనుకుని వాలడం, గుడ్లు పెట్టబోవడం కొలిచింది. పలక మీద తెల్లగీతల గడులు వేస్తే ఆ మోసం 10 నుంచి 26 రెట్లు తగ్గిందని కూడా తేల్చింది.

పెద్దాయనకు ఫోను వచ్చింది. అటు తిరిగి చాలాసేపు బేరమాడాడు. మిషన్ వాడు రేపు రాడట, శనివారం, ట్రాక్టరు శనిమహాత్మ గుడికి జనాన్ని తోలాలంట. ఆదివారం పొద్దున వస్తానన్నాడు, గంటకు పోయినేటి కన్నా ఎక్కువే అడిగాడు. పెద్దాయన సరేనని ఫోను పెట్టి, కోడలికి కేకేశాడు.

"కుప్ప తిరగెయ్యమ్మా ఈ పొద్దే. కోళ్ళను ఇంగా నాలుగు తోలు."